లగ్గం ఫోటోలు పోకుండా కెమెరా మెమరీ కార్డు నుంచి హార్డ్ డిస్కు దాకా ఎలా చేర్చాలి?

“అన్నా, కార్డు ఫార్మాట్ అయింది. ఫోటోలు మళ్లొస్తయా?” మాఘం, వైశాఖం, శ్రావణం వచ్చాయంటే నల్లగొండ నుంచి గద్వాల దాకా స్టూడియోవాళ్లు అడిగే మాట ఇదే. చాలాసార్లు వస్తాయి, కొన్నిసార్లు రావు. అసలు ఆ మాట అడగాల్సిన అవసరం రాకుండా పని ఎలా చేసుకోవాలో ఇక్కడ వరుసగా ఉంది.

ఇప్పుడే పోగొట్టుకుని ఇది చదువుతున్నవాళ్లు ముందు ఆ కార్డును కెమెరాలోంచి తీసేయండి. దాని మీద ఒక్క ఫోటో కూడా కొత్తగా కొట్టొద్దు. నేరుగా చివరనున్న “పోయిన ఫోటోలు వెనక్కి తేవడం” భాగానికి వెళ్లండి.

మిగతావాళ్లు ఒక్క షరతు పెట్టుకుంటే చాలు: రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేరాలి, ఆ రెండింటినీ తెరిచి చూడాలి. అప్పటిదాకా కార్డు ఫార్మాట్ చేయకూడదు. కింద చెప్పేదంతా ఈ షరతును అలసిపోయిన రాత్రి రెండు గంటలకు కూడా తప్పకుండా ఉండేందుకే.

కావలసినవి

కార్డులు ఎన్ని కావాలో ముందు లెక్క వేసుకోండి. 24 మెగాపిక్సెల్ కెమెరాలో రా ఫైలు (సెన్సార్ డేటా ఉన్నదున్నట్టు దాచేది) సుమారు 25–30 ఎంబీ, మంచి నాణ్యత జేపెగ్ 8–12 ఎంబీ ఉంటుంది. రెండూ కలిపి తీస్తే 3,000 ఫోటోలకు 100 నుంచి 125 జీబీ. 4కే వీడియో 100 ఎంబీపీఎస్‌లో (సెకనుకు 100 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు) తీస్తే గంటకు 45 జీబీ. ఒకే 256 జీబీ కార్డు కంటే 64 లేదా 128 జీబీవి నాలుగు ఉండటం మేలు. ఒకటి చెడితే ఎదుర్కోళ్లు పోవచ్చు గానీ లగ్గం మొత్తం పోదు.

కార్డు మీద పెద్ద అక్షరాలతో “170 ఎంబీ” అని ఉండేది చదివే వేగం. రాసే వేగానికి హామీ ఇచ్చేది పక్కన చిన్నగా ఉండే వీ గుర్తు: వీ30 అంటే సెకనుకు కనీసం 30 ఎంబీ, వీ60 అంటే 60, వీ90 అంటే 90. 100 ఎంబీపీఎస్ వీడియోకు సెకనుకు 12.5 ఎంబీ చాలు కాబట్టి వీ30 సరిపోతుంది. 400 ఎంబీపీఎస్‌లో తీసేవాళ్లకు సెకనుకు 50 ఎంబీ కావాలి, వాళ్లు వీ60 కొనాల్సిందే.

ఇక మిగిలినవి:

- యూఎస్‌బీ 3.0 కార్డు రీడర్. పాత 2.0 రీడర్‌లో సెకనుకు 30 ఎంబీ వస్తే 128 జీబీ కాపీకి గంటా పది నిమిషాలు పడుతుంది. 90 ఎంబీ వేగంతో అదే పని 24 నిమిషాల్లో అయిపోతుంది.
- రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు. రెండున్నర అంగుళాలవి తీసుకోండి, అవి యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తాయి. అడాప్టరు పెట్టే పెద్ద డిస్కు కరెంటు పోగానే కాపీ మధ్యలో ఆగుతుంది. రెండూ ఒకే షాపులో ఒకే రోజు కొనకుండా వేర్వేరు కంపెనీలవి తీసుకుంటే ఒకేసారి చెడే అవకాశం తగ్గుతుంది.
- బ్యాటరీ నిలిచే ల్యాప్‌టాప్. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ తప్పనిసరి.
- సాఫ్ట్‌వేర్లు: కార్డు పరీక్షకు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, కాపీకి టెరాకాపీ, సరిపోల్చడానికి ఫ్రీఫైల్‌సింక్, డిస్కు ఆరోగ్యం చూడటానికి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, పోయినవి వెతకడానికి ఫోటోరెక్. టెరాకాపీ, ఫ్రీఫైల్‌సింక్ సొంత వాడకానికి ఉచితం. స్టూడియో పనికి వాడేముందు వాటి లైసెన్సు షరతులు చదువుకోండి.
- రెండు చిన్న పౌచులు, రెండు రంగుల్లో. ఒకటి ఖాళీ కార్డులకు, ఒకటి నిండినవాటికి.

1. కొత్త కార్డును లగ్గానికి ముందే పరీక్షించండి

కార్డు కోఠిలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, ఊళ్లో మొబైల్ షాపులో తీసుకున్నా పరీక్ష ఒకటే. నకిలీ కార్డులో నిజానికి ఉండేది తక్కువ స్థలం. 128 జీబీ అని చూపేలా లోపలి చిప్‌ను మార్చి ఉంటారు. అసలు స్థలం నిండాక కెమెరా ఏ హెచ్చరికా ఇవ్వదు, కౌంటరు పెరుగుతూనే ఉంటుంది, ఫోటోలు మాత్రం ఎక్కడా నిలవవు. ఇంటికొచ్చి చూస్తే పేర్లుంటాయి, తెరిస్తే బూడిద రంగు.

ఖాళీ కార్డును రీడర్‌లో పెట్టి హెచ్2టెస్ట్‌డబ్ల్యూలో ఆ డ్రైవ్‌ను ఎంచుకోండి. మొత్తం స్థలం అన్న ఎంపిక ఉంచి, రాయడం, సరిచూడటం రెండూ కలిసి ఉన్న బటన్ నొక్కండి. కార్డు నింపి, తిరిగి చదివి చూస్తుంది. చివర్లో తప్పులు లేవని వస్తే కార్డు సరైనదే. రాసిన వేగం కూడా చూపిస్తుంది, వీ30 అని రాసి ఉన్న కార్డు 12 ఎంబీ దగ్గర ఆడుతుంటే బిల్లు పట్టుకుని షాపుకు వెళ్లండి. మ్యాక్ ఉన్నవాళ్లకు ఇదే పని చేసే ఎఫ్3 ఉంది.

పెద్ద కార్డుకు ఈ పరీక్ష గంటకు పైనే పట్టొచ్చు. “రెండు ఫోటోలు కొట్టి చూశాం, బాగానే ఉంది” అనేది పరీక్ష కాదు. నకిలీ కార్డు మొదటి కొన్ని జీబీలు చక్కగానే పనిచేస్తుంది.

2. ముందు రోజు కెమెరాలు సిద్ధం చేయడం

ఏ కెమెరాలో వాడతారో ఆ కెమెరాలోనే కార్డు ఫార్మాట్ చేయండి, కంప్యూటర్‌లో కాదు. ఒక కెమెరాలో ఫార్మాట్ చేసి ఇంకో కంపెనీ కెమెరాలో పెట్టొద్దు.

రెండు స్లాట్ల కెమెరా ఉంటే రెండో స్లాటును బ్యాకప్‌కు మార్చండి. నైకాన్‌లో రెండో స్లాటు పాత్ర అనే చోట, కెనాన్‌లో రికార్డింగ్ ఎంపికల్లో, సోనీలో ఏకకాల రికార్డింగ్ కింద ఇది దొరుకుతుంది. మొదటిది నిండాక రెండోదానికి పోయే పద్ధతిలో వదిలేస్తే రెండు స్లాట్లున్నా కాపీ ఒకటే. రెండింటికీ రాసేటప్పుడు వేగం నెమ్మది కార్డును బట్టే ఉంటుంది, పైగా చాలా కెమెరాల్లో ఒక కార్డు నిండగానే షటర్ ఆగిపోతుంది. అందుకే రెండూ ఒకే సైజు, ఒకే వేగంవి పెట్టండి. కార్డుల ఖర్చు తగ్గించుకోవాలంటే మొదటిదాంట్లో రా, రెండోదాంట్లో జేపెగ్. రా కార్డు చెడినా ఆల్బమ్ ఆగదు.

ఒకే స్లాటు ఉన్న కెమెరా అయితే ఒక్కో ఘట్టానికి ఒక్కో కార్డు మార్చడమే దారి.

ఫైలు నంబరింగ్ వరుసగా పెరిగే పద్ధతిలో ఉండాలి. ప్రతి ఫార్మాట్‌కూ 0001 నుంచి మొదలయ్యే పద్ధతిలో ఉంటే, రాత్రి కాపీ చేసేటప్పుడు ఒకే పేరున్న రెండు ఫైళ్లు ఎదురవుతాయి. విండోస్ “రీప్లేస్” చేయమంటావా అని అడుగుతుంది, నిద్రమత్తులో చెయ్యి అటే పోతుంది. జరిగే నష్టాల్లో ఇది చాలా మామూలుది, బయటపడేది మాత్రం ఆల్బమ్ సెలక్షన్ రోజున.

చివరిగా, అన్ని కెమెరాల గడియారాలూ ఒకే ఫోన్ చూసి పెట్టండి. తర్వాత సెకన్లు కనిపించే ఆ ఫోన్ గడియారాన్ని ప్రతి కెమెరాతో ఒక ఫోటో తీయండి. తేడా మిగిలినా ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్‌లో మెటాడేటా మెనూలోని క్యాప్చర్ టైమ్ మార్పుతో సరిచేయొచ్చు. లేకుంటే తలంబ్రాల తర్వాత జీలకర్ర బెల్లం వస్తుంది.

3. మండపం దగ్గర

కార్డు పూర్తిగా నిండేదాకా ఆగొద్దు. జీలకర్ర బెల్లానికి పది నిమిషాల ముందు, పురోహితుడు తెర పట్టించేలోపే కొత్త కార్డు వేసుకోండి. అప్పగింతల ముందు మళ్లీ ఒకసారి.

కెమెరా ఆపి, కార్డుకు రాస్తున్నట్టు చూపే దీపం ఆరాకే కార్డు తలుపు తీయండి. బరస్ట్ (ఆగకుండా వరుస ఫోటోలు) కొట్టి వెంటనే తలుపు తీస్తే చివరి ఫోటోలు సగం రాసి ఆగిపోతాయి, ఒక్కోసారి ఏ ఫోటో ఎక్కడుందో చెప్పే కార్డు పట్టికే చెడుతుంది. వీడియో తీస్తుంటే బ్యాటరీ చివరి గీతకు రాకముందే మార్చండి. క్లిప్పు మధ్యలో పవర్ పోతే ఆ ఫైలు ముగింపు సమాచారం రాయబడదు, ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోదు.

చోటు కోసం కెమెరాలో ఫోటోలు డిలీట్ చేయడం మానండి. హడావుడిలో “అన్నీ” అన్న ఎంపిక పక్కనే ఉంటుంది.

తీసిన కార్డుకు వెంటనే లాక్ మీట నొక్కి, నిండినవాటి పౌచులో వేసి, పౌచు జేబులో పెట్టుకోండి. కెమెరా బ్యాగులో కాదు. ఫంక్షన్ హాల్‌లో బ్యాగు ఎక్కడ పెట్టామో దావత్ అయ్యేదాకా ఎవరూ చూడరు. మే నెలలో మిర్యాలగూడ ఎండలో నిలిపిన బండి డిక్కీలో హార్డ్ డిస్కు వదిలేయడం కూడా ఇలాంటిదే.

డేకి మాట్లాడుకున్న క్యాండిడ్ షూటర్ వస్తుంటే అతనికి మీ కార్డులే ఇవ్వండి. సొంత కార్డులతో తీసి, “హైదరాబాద్ పోయాక డ్రైవ్‌లో పెడతా అన్నా” అని బస్సెక్కితే డేటా మీ చేతిలో లేనట్టే. పేమెంటు, కార్డులు ఒకేచోట చేతులు మారాలి.

4. అదే రాత్రి కాపీ

ఇంటికి చేరగానే, పడుకునే ముందు. పొద్దున బరాత్ వీడియో పని ఉందని కార్డులు మళ్లీ కెమెరాలో పెట్టేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

మొదటి డిస్కులో ఒక ఫోల్డరు. పేరులో తేదీ ముందు, సంవత్సరంతో మొదలుపెట్టి: 2026-02-19, తర్వాత ఊరు, తర్వాత పార్టీ (ఆర్డరిచ్చినవాళ్ల) పేరు. ఇలా పెడితే ఫోల్డర్లు వాటంతటవే తేదీ వరుసలో నిలుస్తాయి. లోపల ప్రతి కెమెరాకు, ప్రతి కార్డుకు వేరే ఫోల్డరు: కెమెరా1-కార్డు1, కెమెరా1-కార్డు2. అన్నీ ఒకేచోట కుప్పపోయొద్దు.

కార్డులో కనిపించే మొత్తాన్నీ కాపీ చేయండి. కెమెరా ఫోటోలు పెట్టే డీసీఐఎం ఫోల్డరు ఒక్కటే తీసుకుంటే రెండు నష్టాలు. సోనీ కెమెరాల్లో వీడియో అందులో ఉండదు, ప్రైవేట్ అనే ఫోల్డరు లోపల ఎం4రూట్, దానిలో క్లిప్ అనే చోట ఉంటుంది. రెండోది, నంబరు 9999 దాటాక కెమెరా 101 అని కొత్త ఫోల్డరు తెరుస్తుంది. 100 ఒక్కటే లాక్కుని వచ్చేస్తే మిగిలిన సగం కార్డులోనే ఉండిపోతుంది.

కట్ చేసి పేస్ట్ చేయకండి, ఎప్పుడైనా కాపీయే. మధ్యలో కేబులు కదిలితే కట్ చేసిన ఫైళ్లు కొన్ని అక్కడ, కొన్ని ఇక్కడ, ఒకటి ఎక్కడా లేకుండా పోతుంది. టెరాకాపీలో వెరిఫై ఎంపిక పెడితే కాపీ అయిన ప్రతి ఫైలును తిరిగి చదివి అసలుతో సరిచూస్తుంది. మామూలు విండోస్ కాపీ ఆ పని చేయదు.

రెండో డిస్కుకు మళ్లీ కార్డు నుంచే కాపీ చేయండి. మొదటి డిస్కు నుంచి చేస్తే అందులోని తప్పు కూడా కాపీ అవుతుంది. సమయం లేకపోతే మొదటి కాపీ వెరిఫై అయ్యాక దాని నుంచి తీసుకోవచ్చు, ఐదో మెట్టు మాత్రం వదలొద్దు.

కాపీ నడుస్తున్నప్పుడు డిస్కును బల్ల మీద పడుకోబెట్టి ఉంచండి, కదపొద్దు. తిరుగుతున్న డిస్కు చిన్న ఎత్తు నుంచి పడినా లోపలి హెడ్ ప్లేటుకు తగులుతుంది.

5. వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

సంఖ్య చూడండి. కార్డు తెరిచి లోపలున్నవన్నీ ఎంచుకుని, డిస్కు ఫోల్డరులోనూ అలాగే చేసి, ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య, సైజు బైట్లలో సరిపోల్చండి. “సైజ్ ఆన్ డిస్క్” అనే రెండో అంకె కలవకపోతే కంగారు పడొద్దు, అది ఒక్కో డిస్కులో ఒక్కోలా ఉంటుంది.

తర్వాత రెండు డిస్కులనూ సేఫ్‌గా తీసి, మళ్లీ పెట్టి, ఫ్రీఫైల్‌సింక్‌లో ఫైలు కంటెంట్ ద్వారా పోల్చే పద్ధతి ఎంచుకుని నడపండి. తీసి పెట్టమనడానికి కారణం ఉంది. అప్పుడే కాపీ చేసిన డేటా ల్యాప్‌టాప్ మెమరీలో ఇంకా ఉంటుంది, సరిచూసేటప్పుడు కంప్యూటర్ డిస్కును వదిలి దాన్నే చదివే వీలుంది. ఇది చాలాసేపు నడుస్తుంది, నడిపించి పడుకోవచ్చు.

ఇక కంటితో చూడటం. థంబ్‌నెయిల్ బాగుంది కాబట్టి ఫోటో బాగుందనుకోవద్దు. రా ఫైలు లోపల కెమెరా పెట్టిన చిన్న జేపెగ్ ఒకటి ఉంటుంది, మీకు కనిపించేది అదే. రా సగం చెడినా ఆ చిన్న బొమ్మ చక్కగానే ఉంటుంది. లైట్‌రూమ్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు 1:1 ప్రివ్యూలు తయారు చేయమంటే ప్రతి ఫైలునూ పూర్తిగా చదువుతుంది. కింది సగం బూడిదగానో, ఊదా చారలతోనో ఉంటే అప్పుడు బయటపడుతుంది. ఆ ఫైలు కార్డులో కూడా అలాగే ఉందో చూడండి. కార్డులో బాగుంటే రీడర్‌దో కేబులుదో తప్పు, వేరే రీడర్‌తో మళ్లీ కాపీ చేయండి. కార్డులోనూ చెడి ఉంటే ఆ కార్డును ఇక పనికి వాడొద్దు.

వీడియో క్లిప్పులు ప్రతిదీ తెరిచి చివరి పది సెకన్లు చూడండి.

6. కార్డు ఖాళీ చేయడం, మూడో కాపీ

రెండు కాపీలూ సరిచూసుకున్నాక కూడా, కార్డులు చాలినన్ని ఉంటే తర్వాతి ఆర్డరు దాకా ఫార్మాట్ చేయకుండా ఉంచండి.

షాపు నల్లగొండ క్లాక్‌టవర్ దగ్గర ఉంటే రెండో డిస్కు ఇంట్లో ఉండాలి. రెండూ ఒకే షట్టర్ వెనక ఉంటే దొంగతనానికీ, వాన నీటికీ, షార్ట్ సర్క్యూట్‌కూ రెండూ ఒకటే. మూడో కాపీ క్లౌడ్‌లో పెట్టాలనుకుంటే లెక్క చూసుకోండి: 100 జీబీ అప్‌లోడ్‌కు 50 ఎంబీపీఎస్ వేగంలో నాలుగున్నర గంటలు. మొత్తం రా ఫైళ్లు పెట్టడం దండగ అనే చెప్పాలి. ఎడిట్ అయిన జేపెగ్‌లు, ఆల్బమ్ డిజైన్ ఫైళ్లు పెడితే చాలు. డిజైన్ ఫైళ్లను చాలామంది మరిచిపోతారు. ల్యాబ్‌కు పంపే 12×36 షీటు 300 డీపీఐలో 10,800×3,600 పిక్సెళ్ల జేపెగ్ అవుతుంది, దాంట్లో ఫోటో మార్చడం కుదరదు. “మా మేనమామ లేడు ఆల్బమ్‌లో” అని పార్టీ వచ్చినప్పుడు లేయర్లున్న పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) కావాలి.

డేటా ఎన్నాళ్లు దాచుతారో ఆర్డరు కాగితం మీదే రాయండి. ఆల్బమ్ ఇచ్చాక ఆరు నెలలు అనేది సబబైన గడువు. ఒక్కో లగ్గం 200 జీబీ అనుకున్నా 30 లగ్గాలకు 6,000 జీబీ, రెండు కాపీలంటే దానికి రెట్టింపు. ఊరికే ఎల్లకాలం దాచడం ఎవరివల్లా కాదు.

7. పార్టీకి పెన్‌డ్రైవ్ ఇచ్చేటప్పుడు

“టీవీలో రావట్లేదు” అన్న ఫోనుకు కారణం చాలాసార్లు పెన్‌డ్రైవ్ ఫార్మాటే. ఎఫ్ఏటీ32 పెన్‌డ్రైవ్ దాదాపు అన్ని టీవీల్లో తెరుచుకుంటుంది, కాకపోతే 4 జీబీ దాటిన ఒక్క ఫైలును కూడా తీసుకోదు. ఎక్స్‌ఫ్యాట్ పెద్ద ఫైళ్లు తీసుకుంటుంది గానీ పాత టీవీలు దాన్ని చదవవు. వీడియోను 4 జీబీ లోపు ముక్కలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఎఫ్ఏటీ32లో ఇవ్వడం తేలిక. వాట్సాప్‌లో ఫోటోలు పంపితే డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే నలిపి నాణ్యత తగ్గిస్తుంది.

8. ఆషాఢంలో డిస్కుల తనిఖీ

మూఢమో ఆషాఢమో వచ్చి ముహూర్తాలు లేనప్పుడు ప్రతి డిస్కునూ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూడండి. 05, సీ5, సీ6 వరుసల్లో (డిస్కులో చెడిన చోట్ల లెక్కలివి) కుడివైపు “రా వాల్యూస్” కింద ఉన్న అంకె సున్నా ఉండాలి. పసుపు రంగు హెచ్చరిక వస్తే ఆ రోజే వేరే డిస్కుకు మార్చండి, “ఇంకా నడుస్తోంది కదా” అని చూడొద్దు. ఎస్ఎస్‌డీ ఎడిటింగ్‌కు మంచిది. కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో దాచడానికి మాత్రం హార్డ్ డిస్కే నమ్మకం.

పోయిన ఫోటోలు వెనక్కి తేవడం

మామూలు ఫార్మాట్ ఫోటోలను చెరిపేయదు, ఏ ఫోటో ఎక్కడుందో చెప్పే పట్టికను చెరుపుతుంది. పహాణీలో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు, ఇంకొకరొచ్చి దున్నితేనే పోతుంది. కొత్త ఫోటో కొట్టడమంటే దున్నడమే. కెనాన్ వంటి కెమెరాల్లో లో లెవెల్ ఫార్మాట్ టిక్కు పెట్టి చేసి ఉంటే మాత్రం ఆశ వదులుకోవాలి.

1. కార్డు పక్కనున్న మీటను లాక్ వైపు జరపండి. చాలా రీడర్లు ఇక దాని మీద ఏదీ రాయవు.

2. రీడర్‌లో పెట్టగానే “ఫార్మాట్ చేయాలి” అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కండి. డిస్కు రిపేరు, చెక్‌డిస్క్ లాంటివి నడపొద్దు. అవి పట్టికను తమకు తోచినట్టు సరిదిద్ది, దొరికే ఫైళ్లను కూడా ముక్కలు చేస్తాయి.

3. ఫోటోరెక్ ప్యాకేజీలో క్యూఫోటోరెక్ అనే, మౌస్‌తో బటన్లు నొక్కి వాడే వెర్షన్ ఉంటుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి కార్డును ఎంచుకోండి. పేరు కాదు, సైజు చూసి ఎంచుకోండి. 128 జీబీ కార్డు సుమారు 119 జీబీగా కనిపించొచ్చు.

4. డిలీట్ అయినవైతే ఖాళీ స్థలంలో వెతకమనండి. ఫార్మాట్ అయినా, కార్డు తెరుచుకోకపోయినా మొత్తం కార్డులో వెతకమనండి.

5. దొరికినవి దాచే చోటు ల్యాప్‌టాప్ డిస్కు అయి ఉండాలి. అదే కార్డులోకి దాచడం వల్ల ఉన్నవీ పోతాయి.

6. పాత ఫైలు పేర్లు రావు, అంకెల పేర్లు వస్తాయి. తీసిన సమయం ఫోటో లోపలే ఉంటుంది కాబట్టి తేదీ ప్రకారం వరుస పెడితే లగ్గం క్రమం తిరిగి దొరుకుతుంది. వెనకటి ఆర్డర్ల ఫోటోలు కూడా బయటికి రావొచ్చు. వేరేవాళ్లింటి ఫోటోలవి, పార్టీకిచ్చే ముందు తీసేయండి.

పెద్ద వీడియోలు ఈ పద్ధతిలో పూర్తిగా రావడం తక్కువ. కార్డులో అవి ముక్కలుగా పడి ఉండొచ్చు. ఫైలు ఉండి తెరుచుకోని వీడియోకు అన్‌ట్రంక్ అనే ఉచిత సాధనం ఉంది. అదే కెమెరాలో, అదే సెట్టింగులతో తీసిన మంచి క్లిప్పు ఒకటి పక్కన ఇస్తే దాన్ని చూసి చెడినదాన్ని సరిచేస్తుంది.

కార్డు ఏ రీడర్‌లోనూ కనిపించకపోతే ముందు బంగారు రంగు కాంటాక్టులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని బట్టతో తుడిచి, ఆరాక మళ్లీ పెట్టి చూడండి. అప్పటికీ కనిపించకపోయినా, ప్లాస్టిక్ పగిలి ఉన్నా, పట్టుకుంటే వేడెక్కుతున్నా సాఫ్ట్‌వేర్ల పని అయిపోయినట్టే. ఫెవిక్విక్ పెట్టడం, పది రీడర్లలో గుచ్చి చూడటం ఆపండి. చిప్ నుంచి నేరుగా చదివే డేటా రికవరీ ల్యాబ్‌కు ఇవ్వాలి. ఇచ్చేముందు రెండు మాటలు కాగితం మీద రాయించుకోండి: డేటా రాకపోతే ఫీజు ఎంత, వచ్చినవి చూపించాకే మిగతా డబ్బు తీసుకుంటారా.